పదమూడు పేజీల సారు

"ఆంటీ, నూనె చేతులతో ఆ కాగితాలు ముట్టుకోకండి."

కౌశల్ వంటింటి బల్ల మీది నోట్సును లాక్కున్నంత పని చేశాడు.

శ్యామలాదేవి చేయి వెనక్కి తీసుకుంది. ఆమె అతని ఫ్లాట్‌మేట్ అఖిలేష్‌కు పిన్ని. ఖమ్మం నుంచి జర్మనీ చూడ్డానికి వచ్చి, నాలుగు రోజులుగా గార్చింగ్‌లో వాళ్ల దగ్గరే ఉంటోంది. మెకానికల్ చదివే అఖిలేష్, పిన్ని పెట్టే ఆవకాయ గురించి మాత్రమే చెప్పి పరిచయం ముగించాడు.

సోమవారం కౌశల్‌కు జన్యుశాస్త్రంలో మౌఖిక పరీక్ష. ఒకసారి తప్పాడు, ఇది రెండోది. మూడోసారీ తప్పితే విశ్వవిద్యాలయం పేరు కొట్టేస్తుంది. పేరు పోతే వీసా పోతుంది.

అతని ఆశలన్నీ ఆ కాగితాల మీదే. డీఎన్‌ఏ అంటే ఏమిటి, దాని నుంచి ఆర్‌ఎన్‌ఏ ఎలా పుడుతుంది, అది చెప్పినట్టు ప్రోటీన్ ఎలా తయారవుతుంది, అంతా తేట తెలుగులో, ముత్యాల్లాంటి చేతిరాతతో ఉంది. రాసిందెవరో ఎవరికీ తెలియదు. అవి చేతులు మారుతూ వచ్చిన తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆయన పేరు పదమూడు పేజీల సారు. హైడెల్‌బర్గ్‌లో సన్యాసిలా బతుకుతూ పరిశోధన చేశాడని ఒక కథ, పెద్ద బహుమతేదో వద్దన్నాడని మరో కథ. ఆధారం అడిగినవాడు లేడు.

తొమ్మిదో పేజీ మీద ఎర్రని మరకను చూపించి, అదేమిటని అడిగింది శ్యామలాదేవి.

"అయోడిన్, ఆంటీ. సారు ల్యాబ్‌లోనే కూర్చొని రాసేవారట."

"అయోడినా?" ఆమె దాన్ని కాసేపు చూసింది. "సారు అని ఎట్లా తెలిసింది నాయనా?"

"చదివితే తెలుస్తుంది కదా ఆంటీ. ఆ లెవెలే వేరు."

ఆమె పెదవులు బిగించుకుని పొయ్యి వైపు తిరిగింది. భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

శనివారమంతా కౌశల్ వంటింట్లో పచార్లు చేస్తూ బట్టీ పట్టాడు. పదమూడో పేజీలో చివరి వాక్యం సగంలో ఆగిపోతుంది. మిగిలింది మన ఆలోచనకు వదిలేశారని గ్రూపు వ్యాఖ్యానం. అందువల్ల అక్కడ ఎవరూ ఆలోచించలేదు.

ఉల్లిపాయలు తరుగుతున్న శ్యామలాదేవి కత్తి ఆపింది.

"కంట్లోనూ కాలేయంలోనూ ఒకే డీఎన్‌ఏ అంటున్నావు. మరి కాలేయం ఎందుకు చూడదు నాయనా?"

"చూసేది కన్ను, ఆంటీ. కాలేయం కాలేయమే. అది సిలబస్‌లో లేదు."

"లేదా? ఇప్పుడు, ఇంట్లో వంటల పుస్తకం ఒకటే అనుకో..."

వంటల సంగతి వినే ఓపిక లేక అతను చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకున్నాడు.

ఆదివారం ఉదయం ఆమె విమానానికి బయలుదేరింది. వెళ్తూ కౌశల్ చేతిలో ఒక ఆవకాయ సీసా పెట్టింది. మూత మీద మడిచిన కాగితం కప్పి, దారంతో వాసెన కట్టి ఉంది.

"పరీక్షకు పోయే ముందే విప్పు. మరిచిపోకు."

పరీక్షకు ముందు శకునానికి పెట్టే పెరుగూ చక్కెరా బాపతు అనుకున్నాడు కౌశల్.

"మేం సైన్స్ వాళ్లం ఆంటీ. ఇట్లాంటివి నమ్మం."

"మంచిదే. నమ్మొద్దు, విప్పి చూడు."

సీసా ఫ్రిజ్ పైకెక్కింది.

సోమవారం ప్రొఫెసర్ మొదటి ఇరవై నిమిషాలూ తల ఊపుతూనే ఉన్నారు. కౌశల్ పదమూడు పేజీలనూ ఇంగ్లీషులోకి మార్చి, కామాలతో సహా అప్పజెప్పాడు. అప్పుడాయన కళ్లజోడు తీసి, కుడి డొక్క తడుముకుంటూ, కంట్లో ఉన్న జన్యువులే తన కాలేయంలోనూ ఉన్నాయి కదా, మరి ఇదెందుకు చూడదని అడిగారు.

కౌశల్‌కు ఉల్లిపాయల ఘాటు గుర్తొచ్చింది.

"కాలేయం కాలేయమే కనక," అన్నాడు చివరికి.

పక్కన కూర్చొని పరీక్షను నమోదు చేస్తున్న సహాయకురాలు ఆ వాక్యాన్ని పొల్లు పోకుండా రాసుకుంది.

ఇక మిగిలింది ఒక్క అవకాశం.

ఇంటికొచ్చి అన్నం వండుకున్నాడు. సీసా దించి దారం విప్పాడు. నూనె ఊరి, కాగితం మీద ఎర్రని మరక పడింది. అచ్చంగా తొమ్మిదో పేజీ అయోడిన్.

అతని చేతులు కాస్త నెమ్మదించాయి. మడత విప్పాడు.

"కంటికి కావలసిన పేజీలు కాలేయంలోనూ ఉంటాయి, కాని అక్కడ వాటిని ఎవరూ తెరవరు. ఏ కణంలో ఏ పేజీ తెరవాలో నిర్ణయించే ప్రోటీన్లు వేరే ఉంటాయి." ఆ కింద బొమ్మలు, బాణాలు, ముత్యాల్లాంటి అక్షరాలు.

అట్టడుగున రెండు వాక్యాలున్నాయి: "నా క్లాసు పిల్ల జర్మనీ వస్తుంటే రాసిచ్చిన నోట్సులో ఈ పద్నాలుగో పేజీ లేదని నీ బల్ల దగ్గరే తెలిసింది నాయనా. అప్పట్లో దాన్ని ఏ ఆవకాయ జాడీకో వాసెన కట్టి ఉంటాను, ఏమీ అనుకోకు. ఇట్లు, మీ సారు."