వల కన్ను

"దోమ కూడా దూరదే కోడలా, చూడు!" అంటూ మేనమామ కొత్త వల ముక్కను ప్రయోగశాల బల్ల మీద పరిచాడు. సొంత పడవ కొన్న రోజున కూడా ఆయన ముఖం ఇంతలా వెలగలేదు.

పెద్ద చేప పొట్ట కోస్తున్న మేనకోడలు తల ఎత్తలేదు. "అక్కడ పెట్టకు మావయ్యా, కంపు కొడుతుంది."

"చేపల కంపు గురించి నాకా చెప్తున్నావు? నేను పుట్టగానే పూసిన సెంటు అదే! ఇంతకీ అంత చదువు చదివి ఈ పొట్టలు కోయడమేంటే?"

"ఏది దేన్ని తింటోందో చూస్తున్నా. మనం వేటాడేకొద్దీ వాటి తిండి ఎలా మారుతోందో తెలియాలిగా."

పొట్ట తెరుచుకుంది. లోపల వేలెడంత చేపపిల్లలు.

"అదిగో! చిన్నచేపలు కరువయ్యాయని నెత్తీనోరూ బాదుకుంటావు. దీనికి విందే దొరికిందిగా!"

"ఆ తోకల మీది మచ్చ చూడు."

ఆయన వంగి చూశాడు. అదే మచ్చ పెద్దచేప తోక మీదా ఉంది.

"సొంత జాతి పిల్లల్నే తిందా?"

"ఇదివరకు ఎప్పుడో ఒకటి కనిపించేది మావయ్యా. ఇప్పుడు రెండు పొట్టలు కోస్తే ఒకదాంట్లో ఇదే. మిగతా చిన్నచేపల్ని మనం ఊడ్చుకొచ్చేస్తే అది మాత్రం ఏం తింటుంది?"

మేనమామ వల ముక్క తీసుకుని, ఒక కన్నులో చిటికెనవేలు దూర్చబోయాడు. గోరు కూడా దూరలేదు.

"నీకు చూపించాలని ముక్క కోసేశానే కోడలా," అన్నాడు మెల్లగా. "షాపువాడు ఇంక ఆ వల వెనక్కి తీసుకుంటాడంటావా?"