మంచం మీద అరవై కార్డులు

పెద్దకోడలు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మంచానికి ఒక చివర దుప్పట్లు, ఇంకో చివర పిల్లల చొక్కాలు, మధ్యలో మూత తీసి ఉన్న కార్డుల పెట్టె. తువ్వాలు కోసం గదిలోకి వచ్చిన చిన్నకోడలు తువ్వాలు భుజాన వేసుకుంది గానీ అక్కణ్ణుంచి కదల్లేదు. పెట్టె పక్కన నాలుగు కార్డులు విడిగా పడి ఉన్నాయి. నాలుగింటి మీదా రెక్కలు విప్పిన నిప్పుపిట్ట బొమ్మే.

"ఇవి బయటెందుకున్నాయక్కా?"

పనికిరావని తీసేశానంది పెద్దకోడలు, చొక్కా చేతులు సరిచేస్తూ.

"నిప్పు డెక్‌లో నిప్పుపిట్టలు పనికిరావా? బరువని బండికి చక్రాలు పీకేసినట్టుంది."

పెద్దకోడలు ఇంకో చొక్కా అందుకుంది. ఆ రోజు పదింటికి పుస్తకాల షాపు పైనున్న హాల్లో ఈ కార్డులాట ఫైనల్. నలభై మందిలోంచి చివరికి మిగిలింది ఈ తోడికోడళ్ళిద్దరే. గెలిచినవాళ్ళకి పెద్ద పోటీకి వెళ్ళే సీటు, ఒక్కటంటే ఒక్కటి. కిందటి రెండేళ్ళూ పెద్దకోడలే వెళ్ళొచ్చింది. రెండుసార్లూ ఆఖరి మెట్టు మీద ఆమె చేతిలోనే ఓడి, చిన్నకోడలు ఇంటి దగ్గరే ఉండిపోయింది.

ఎవరి దగ్గరున్న వందల కార్డుల్లోంచి వాళ్ళు అరవై ఏరుకుని డెక్ కట్టుకోవాలి. ఆ అరవైకీ లిస్టు రాసి పదింటికి జడ్జి చేతిలో పెట్టాలి. పెట్టాక ఒక్క కార్డు మార్చినా ఆట పోయినట్టే. అందుకే రెండు వారాలుగా ఒకరి పెట్టె ఒకరు చూడకూడదని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. ఒకే వంటగదిలో తిరుగుతూ ఆట మాటెత్తకుండా ఎలా ఉంటున్నారో వాళ్ళకే తెలియాలి.

గుచ్చి గుచ్చి అడిగితే పెద్దకోడలు చెప్పేసింది. తను రెండుసార్లు వెళ్ళింది, చాలు. ఈసారి చెల్లి వెళ్ళాలి. ఆ నాలుగింటి బదులు ఏవో నాలుగు పెడితే తన డెక్ అరగంట కూడా నిలబడదు, ఎవరికీ అనుమానం రాదు.

"అంటే కావాలని ఓడిపోతావా? అది మోసం కాదా?"

"గెలవడానికి చేస్తే మోసం గానీ, ఓడిపోవడానికి చేస్తే ఎవరంటారే?"

"నేనంటాను." చిన్నకోడలు మంచం అంచున కూర్చుంది. "రేపు అక్కడ ఎవరైనా ఎలా గెలిచావని అడిగితే, మా తోడికోడలు జాలిపడిందని చెప్పుకోవాలా?"

వరండాలో కూర్చుని చీర అంచు కుట్టుకుంటున్న అత్తగారు అన్నీ వింటూనే ఉంది. చిన్నదాని మాటే సబబంది. అడవిని నిప్పు కాలుస్తుంది, నిప్పుని నీళ్ళు ఆర్పుతాయి, నీళ్ళని మెరుపు చీలుస్తుంది, వీళ్ళ గోల వినీ వినీ ఇదంతా తనకి కూడా కంఠతా వచ్చేసిందనీ, ఎవరు గెలిచినా పదింటిలోపు తన టిఫిన్ మాత్రం మర్చిపోవద్దనీ కూడా అంది.

పెద్దకోడలు నిట్టూర్చి నాలుగు కార్డులూ పెట్టెలో పెట్టింది. చిన్నకోడలికి అది చాల్లేదు. ఇంకేమేం తీసేసిందో ఎలా తెలుస్తుంది, ఒకసారి అన్నీ పరిచి చూపించమంది. ఒకరి పెట్టె ఒకరు చూడకూడదని కదా అనుకున్నాం అంటూ పెద్దకోడలు నసిగింది.

"సరిగ్గా ఆడతామనుకున్నప్పటి మాటక్కా అది. ముందు తప్పింది నువ్వు."

ఇక చేసేది లేక పెద్దకోడలు చొక్కాల్ని పక్కకి జరిపి, వరసకి పది చొప్పున ఆరు వరసలు పరిచింది. చిన్నకోడలు ఒక్కో వరస మీదా వేలు పెట్టుకుంటూ, పెదవులు కదుపుతూ, తీరిగ్గా చూసింది. అరవై లెక్క సరిపోయింది.

"ఇప్పుడు నా మనసు కుదుటపడింది," అంటూ అక్క భుజం నొక్కి వెళ్ళింది. ఇలాంటి తోడికోడళ్ళని ఏ ఇంట్లోనూ చూడలేదని అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తూ మురిసిపోయింది.

చిన్నకోడలు తన గదిలోకి వెళ్ళి గడియ పెట్టింది. అప్పటిదాకా ఆమె కట్టుకున్నది అడవి డెక్. ఆ నిప్పుపిట్టల ముందు పది నిమిషాల్లో బూడిదయ్యేది. మంచం కింద నుంచి అట్టపెట్టె లాగి, అడవి కార్డులన్నీ తీసేసి నీళ్ళ కార్డులు పేర్చింది. పాత లిస్టు నాలుగు ముక్కలు చేసి కొత్తది రాసింది. లిస్టు ఇచ్చేదాకా ఎవరి డెక్ వాళ్ళిష్టం, రూలే అలా ఉంది కదా అని తనకి తనే రెండుసార్లు చెప్పుకుంది. రెండోసారి అద్దంలోకి మాత్రం చూడలేదు.

బయటికి వచ్చి, ముందు వెళ్ళి లిస్టు ఇచ్చేస్తాననీ అక్కని నిదానంగా రమ్మనీ చెప్పింది. జాగ్రత్తగా వెళ్ళమంది పెద్దకోడలు.

మెట్ల మీద చెల్లి చెప్పుల చప్పుడు ఆగేదాకా ఉండి, పెద్దకోడలు మిగిలిన బట్టలు మడతపెట్టింది. అత్తగారికి టిఫిన్ పెట్టింది. చీర మార్చుకుని, హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది.

"అమ్మాయ్, నీ నిప్పుల పెట్టె మంచం మీదే వదిలేశావు," అంది అత్తగారు.

పెద్దకోడలు వెనక్కి రాలేదు. చెప్పులు వేసుకుని, ఎదురుగా నీళ్ళ డెక్ ఎప్పుడు దిగుతుందా అని రెండు వారాలుగా ఆ హ్యాండ్‌బ్యాగులో కాచుకుని ఉన్న అరవై మెరుపు కార్డుల్ని పైనుంచే ఒకసారి తడిమి చూసుకుని, గుమ్మం దాటింది.