మూగ లిన్ క్యారేజీ

"హెల్మెట్ కాస్త వెనక్కి పెట్టుకోండి బామ్మగారూ, కళ్ళమీదికి జారింది," అంది గైడ్ షూచిన్.

"వెనక్కి పెడితే దీపం పైకప్పుకి కొడుతుంది. చూసుకోవాల్సింది కాళ్ళకింద కదా!"

వెనకున్న యాత్రికులు కిసుక్కున నవ్వారు. షూచిన్‌కి ఒళ్ళు మండింది. పాత బంగారు గని చూడ్డానికొచ్చిన ఈ ముసలామెతో పొద్దుటినుంచీ ఇదే వరస. కొండ కింద పసుపూ నీలమూ రెండు రంగుల సముద్రాన్ని చూపిస్తే, "ఆ పసుపు ఇదివరకు ఇంకా చిక్కగా ఉండేది," అని పెదవి విరిచింది. మ్యూజియంలో బంగారు కడ్డీని తడమడానికి అందరూ ఎగబడితే, తను మాత్రం గొడుగేసుకుని వానలో నిలబడింది.

సొరంగం ముందు భూమిదేవుడి గూట్లో, అగరొత్తుల పక్కన, ఓ అల్యూమినియం క్యారేజీ పొగలు కక్కుతోంది.

"ఎవరికిది?" అంది ముసలామె.

"మూగ లిన్‌కి. మా తాత రోజూ పెడతాడు. అరవై ఏళ్ళ కిందట గని కూలినప్పుడు లిన్ నలుగురిని బయటికి తోశాడు. ఆఖరివాడు మా తాతే. వెనక్కి తిరిగి చెయ్యి అందించకుండా పారిపోయానని ఇప్పటికీ కుమిలిపోతాడు. లిన్ శవం కూడా దొరకలేదు."

"మీ తాత పేరు?"

"బున్‌సెంగ్. ఇందాక మీ టికెట్ చింపింది ఆయనే."

ముసలామె టికెట్ల బల్ల వైపు తిరిగి చూసింది. "బతికే ఉన్నాడా! అమ్మయ్య," అని కళ్ళు తుడుచుకుంది.

షూచిన్ గబుక్కున ముసలామె ముందుకొచ్చింది. ఇక్కడికొచ్చిన ముసలివాళ్ళందరినీ ఆ పిల్ల లిన్ గురించి అడుగుతూనే ఉంటుంది. తాతకి ఎనభై నాలుగు. ఆయన పోయేలోగా ఒక్కరైనా ఏదో ఒకటి చెప్పకపోతారా అని ఆశ.

"లిన్ మీకు తెలుసా?"

"పద, లోపలికి పద."

గడప దగ్గర షూచిన్ అలవాటుగా చెప్పింది: "ఇదివరకు ఆడవాళ్ళకి ఈ గడప దాటే హక్కు లేదు. ఆడది అడుగుపెడితే కొండ కూలుతుందని నమ్మేవాళ్ళు. కూలిన రోజున, దాటిన ఆడదెవరో దొరికితే తన్నేద్దామని ఊరంతా గాలించారట."

"తెలుసు," అంది ముసలామె.

లోపల, యాత్రికులకోసం నిలబెట్టిన గని కూలీ బొమ్మ వెనక రాతిని ముసలామె చేత్తో తడిమింది. "ఇక్కడో గాలి బిలం ఉండేది. పూడ్చేశారు. సన్నటి మనిషైతే పాక్కుంటూ కొండమీదికి తేలొచ్చు."

"అంటే... లిన్ బతికాడా?"

"బతికాడు."

షూచిన్ యాత్రికుల్ని అక్కడే వదిలేసి బయటికి పరుగెత్తింది. "తాతా! లిన్ చావలేదట! గాలి బిలంలోంచి బయటపడ్డాడట!"

టికెట్ల బల్ల వెనక బున్‌సెంగ్ చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. అరవై ఏళ్ళ బరువు ఒక్కసారిగా దిగినట్టు ఆయన భుజాలు తేలికపడ్డాయి.

"ఎవరు చెప్పారే? వాడి పెళ్ళామా?"

"నాకసలు పెళ్ళే కాలేదు," అంటూ ముసలామె బయటికొచ్చింది. గూటి ముందు కూర్చుని, క్యారేజీ మూత తీసి, పంది మాంసం ముక్క కొరికింది.

"ఏయ్, ముట్టుకోకు! అది మా మూగోడిది!" బున్‌సెంగ్ కర్ర పట్టుకుని లేచాడు. "అయినా బతికుంటే ఒక్క కబురైనా చెయ్యడా? నోరు లేకపోతే ఉత్తరం రాయించకూడదూ?"

ముసలామె నింపాదిగా నమిలి మింగింది. "నోరు లేకేం, శుభ్రంగా ఉంది," అంది.

ఆయన కర్ర గాల్లోనే ఆగిపోయింది.

"విప్పితే ఆడగొంతని తెలిసిపోయేదిరా, బున్‌సెంగ్."