నీళ్ళు పోసేవాడు

“అంత కుమ్మరిస్తే వేరు కుళ్ళిపోతుంది. మెల్లగా పోయవయ్యా!”

తోటమాలి ఉలిక్కిపడి బకెట్ వెనక్కి తీశాడు.

ఈస్టర్ తెల్లవారుజాము. సమాధుల తోట మధ్యలో జనం కొవ్వొత్తులతో ఆరాధనకు చేరుతున్నారు. అతన్ని మందలించిన ఆమె మాత్రం తిన్నగా కొడుకు సమాధి దగ్గరికి వచ్చింది.

చిన్నప్పుడు ఈ పండగంటే ఆమెకు కొత్త గౌను, నాన్న చెయ్యి పట్టుకుని చీకట్లో నడక. అందులో ఒక చావు ఉందన్న సంగతే పట్టేది కాదు.

“మీరు... ఈ అబ్బాయి వాళ్ళ అమ్మగారా?”

“ఆఁ. రంగుల ఫ్యాక్టరీ ట్యాంకులో ఒకడు స్పృహ తప్పి పడిపోతే, దిగి వాణ్ణి పైకి నెట్టాడు. తను లోపలే ఉండిపోయాడు.”

అతను దగ్గు ఆపుకున్నాడు.

“ఒకడు చనిపోతే లోకమంతా బతికిందని అక్కడ పాడతారు. నా కొడుకు పోతే బతికింది ఒక్కడు. ఆ ఒక్కడూ ఇంతవరకు నా గడప తొక్కలేదు.”

“ముఖం చెల్లలేదేమోనమ్మా.”

“వాడి ముఖం ఎవడిక్కావాలి? నా బిడ్డ ఆఖరికి ఏమన్నాడో వాడొక్కడికే తెలుసు. అది చెప్పి పోతే చాలు. అసలు అంత చావుకు తగినవాడేనా వాడు?”

“కాదమ్మా.”

ఆమె తలెత్తింది.

“పక్కనుండి చూసినట్టు చెబుతున్నావే!”

అతను బకెట్ కింద పెట్టి, తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

“అమ్మా, మీకొక మాట చెప్పాలి.”

గంట మోగింది.

“నీళ్ళ సంగతేగా? వాచ్‌మన్‌తో చెప్పు. అక్కడ పాట మొదలైపోయింది.”

ఆమె తిరిగొచ్చేసరికి మట్టి తడిగా ఉంది. మనిషి లేడు.

ఆ ‘కాదమ్మా’ ఏడాదంతా ఆమెను వదల్లేదు.

తన కోసం ఒకరు ప్రాణం పెట్టారని ఆమె ఊహ తెలిసినప్పటి నుంచీ వింటోంది. తాను తగినదా అని ఒక్కనాడూ ప్రశ్నించుకోలేదు. ఆ ప్రశ్న మాత్రం ముక్కూముఖం తెలియని ఒకడి మీద ఇన్నేళ్ళుగా విసురుతోంది.

వాడెక్కడున్నా, కోపం లేదని చెప్పాలనిపించింది. ఎవరితో చెప్పి పంపాలో తెలియలేదు.

మళ్ళీ ఈస్టర్ వచ్చింది. సమాధి మీది మొక్క ఎండి పుల్లయింది.

“తోటమాలిని మాన్పించేశారా?” గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగింది.

“మనకు తోటమాలి కూడానా తల్లీ! గేటూ, చీపురూ, గునపం, అన్నీ నేనేగా.”

“మా అబ్బాయి దగ్గర నీళ్ళు పోసేవాడు... సన్నగా, దగ్గుతూ...”

“ఓ, ఆయనా? చలికాలంలో పోయాడమ్మా. ఊపిరితిత్తులు ఏనాడో దెబ్బతిన్నాయట. అదిగో, ఆ గోడ వారనే పెట్టాం. సిలువ పాతడానికి కూడా ఎవరూ రాలేదు.”

ఆమె గోడ వైపు చూసింది. ఉత్త మట్టి దిబ్బ.

“ఎవరతను?”

“పేరు చెప్పేవాడు కాదు. ‘ఈ అబ్బాయి నాకు ప్రాణం పోశాడు, నేను నీళ్ళు మాత్రమే పోయగలుగుతున్నాను’ అనేవాడు.”