నేలనెమలి ఎగిరిన పొద్దున

అమీర్‌పేటలో వ్యాన్ ఎక్కిన నిరోషను ఓ పెద్దావిడ పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏ ఊరమ్మా మీది?"

"సిరిసిల్ల, ఆంటీ."

"ఇక్కడ ఎవరున్నారు?"

"ఎవ్వలు లేరు. మధురానగర్ల హాస్టల్ల ఉంట."

నిరోష కిటికీ వైపు తిరిగింది.

ఆదివారం వస్తే హాస్టల్ ఖాళీ. గది మీద పడ్డట్టుండేది. పిట్టల్ని చూడ్డానికి వెళ్లే గ్రూపు ఒకటి ఫోన్లో కనబడితే పేరిచ్చింది. మనుషుల కోసమే వచ్చింది. తీరా పలకరిస్తే ఏం మాట్లాడాలో తెలియలేదు.

మంజీర ఒడ్డున దిగేసరికి వాన వెలిసింది. ఒకపక్క చిత్తడి, ఇంకోపక్క నడుమెత్తు గడ్డి. అందరి మెడల్లో బైనాక్యులర్స్. నిరోషకు లేవు.

"నేలనెమలి!" ట్రిప్పు పెట్టిన కేదార్ ముందు నుంచి గుసగుసగా అన్నాడు. "ఆ తుమ్మచెట్టుకు ఎడమ పక్క!"

నిరోషకు గడ్డి తప్ప ఏమీ కనబడలేదు.

పెద్దావిడ బైనాక్యులర్స్ కళ్లదాకా ఎత్తి, ఆగింది. తీసి నిరోష మెడలో వేసింది.

"మీరు చూడుండ్రి ఆంటీ."

"నేను బోలెడుసార్లు చూశాలే. కానీయ్, త్వరగా!"

గడ్డిలోంచి నల్లటి పిట్ట నిలువునా ఎగిరింది. గాల్లో రెక్కలు టపటపలాడించి కిందపడింది.

"ఎగిరిందాంటీ! మల్ల ఎగిరింది!"

"ఎలా ఉంది? తల వెనక ఈకలు కనబడుతున్నాయా?" ఆవిడ నిరోష చేయి పట్టుకుంది.

"సన్నగున్నయ్. కొసలు పైకి తిరిగినయ్."

చాలా రోజుల తర్వాత నిరోష పైకే నవ్వింది. బైనాక్యులర్స్ తిరిగి ఇద్దామనుకునేసరికి పిట్ట గడ్డిలో కలిసిపోయింది. మళ్లీ ఎగరలేదు.

తిరుగు ప్రయాణంలో ఆవిడ నిరోష నంబరు తీసుకుంది.

"పంజాగుట్టలో మా ఇల్లు. ఒక్కదాన్నే ఉంటా. ఓ ఆదివారం భోజనానికి రా."

తర్వాత ఆవిడ నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. నిరోష ఎత్తలేదు. కొత్త మనిషింటికి పోయి ఏం మాట్లాడాలి? ఆ ఆదివారాలూ గదిలోనే పడుకుంది.

చలికాలం మళ్లీ ట్రిప్పు. వ్యాన్‌లో ఆవిడ లేదు.

"కేదారన్నా, గా పంజాగుట్ట ఆంటీ రాలేదా?"

"సీతామహాలక్ష్మి గారా? దసరాకు ముందే పోయారమ్మా. నిద్రలోనే."



"నాకు ఫోన్ జేసింది. నేనే ఎత్తలే."

కేదార్ తల వంచుకున్నాడు.

"నేలనెమలిని నాకు చూపెట్టింది అన్నా. తను మస్తుసార్లు చూసిందట."

"ఆవిడా? ఆ ఒక్క పిట్ట కోసమే ప్రతి వానాకాలం నాతో తిరిగారు. ఒక్కసారీ కంటపడలేదు."

"మరి ఆ రోజు..."

"నేనూ అదే అడిగాను. 'వచ్చే ఏడు చూస్తాలే కేదార్, ఈలోపు ఆ అమ్మాయి ఇంటికొస్తే అదెలా ఎగిరిందో ఇంకోసారి చెప్పించుకుంటా' అన్నారు."