రెండు రకాల సూదులు

మిర్చి యార్డులో ఇప్పుడు పొద్దున్నే హమాలీలకు టీతోపాటు భుజానికి సూది కూడా షావుకార్లే వేయించాలి. సూదులు రెండు రకాలు. మొదటిది చిరిగిన కండరాన్ని అతికిస్తుంది, కానీ నెల రోజులు బస్తా ఎత్తకూడదు. రెండోది నొప్పిని మాత్రమే చంపుతుంది. సీజన్లో మనిషిని నెలపాటు వదులుకుంటే నాకేం గిట్టుతుంది? అతికించేదని చెప్పి, నెల విశ్రాంతి మాట దాచి, మా కొట్టు హమాలీ ఏసోబుకు రెండోదే వేయిస్తున్నాను.

సాయంత్రం అతను చివరి బస్తా దించాడు.

"ఏవయ్యా ఏసోబూ, మళ్లీ కుర్రాడివైపోయావే!" అన్నాడు పక్క కొట్టు సాంబిరెడ్డి.

"అంతా మా షావుకారుగారి చలవండీ. నొప్పనేదే తెలీట్లేదు," అంటూ ఏసోబు నాకు దండం పెట్టాడు.

ఎడమ చెయ్యి ఒక్కటే గుండెదాకా లేచింది. కుడిది పక్కనే వేలాడుతోంది. రెండూ లేచాయనుకుని నా మొహంలోకి చూస్తూ నవ్వుతున్నాడు.

నా చేతులు రెండూ బాగానే ఉన్నాయి. ఒక్కటీ లేవలేదు.