దారమున్న కాడ ఆగు

"అన్నా, ఓపెన్ స్కూల్ టెన్త్ లెక్కల బుక్కు ఉన్నదా?"

"లేదమ్మా."

ప్రవళిక దుకాణం మెట్టు మీదే కూలబడింది.

"జగిత్యాలల అడిగిన, కోరుట్లల అడిగిన. గీ సిరిసిల్లల సుత లేదంటే ఇగ నేను పరీక్ష రాసినట్టే."

తొమ్మిదితో బడి మానేసి, నాలుగేళ్లు తల్లి మల్లక్కతో కలిసి బీడీలు చుట్టిన పిల్ల. పది పాసైతే ఐటీఐలో సీటు. లేకపోతే మళ్లీ బీడీల చాటే. ఆలస్యంగా చేరడంతో లెక్కల పుస్తకం ఒక్కటే చేతికి అందలేదు. పరీక్షకు ఇంకా నలభై రోజులే ఉంది.

ఆ పాత పుస్తకాల దుకాణంలో ఓ మూల నిలబడ్డ ముసలాయన ముందుకొచ్చాడు. తల నిండా దూది నలుసులు.

"ఇగో బిడ్డా, గిది పనికస్తదేమో సూడు."

అదే పుస్తకం! కానీ అట్ట ఊడిపోయింది. అక్కడక్కడా పేజీల అంచులకు చిల్లు పొడిచి ఎర్ర దారాలు ముడేసి ఉన్నాయి.

దుకాణదారు శ్యాంసుందర్ ఏదో అనబోయాడు. ముసలాయన కళ్లతోనే వద్దన్నాడు.

అది ప్రవళిక చూడలేదు.

"మంచియన్ని ఎవలకో అమ్ముకొని, చినిగింది నాకు అంటగడ్తున్నవా తాతా?"

"బుక్కు చినిగితే ఏంది బిడ్డా, లెక్కలు చినగయ్ గద."

"మరి గీ దారాలేంది? పోరగాండ్లు ఆడుకున్నరా?"

"గుంజకు, గుంజకు. దారమున్న కాడ జర ఆగు."

"దీనికెంత?"

"ఊకెనే తీస్కపో."

ఊరికే ఇస్తున్నాడంటే తూకానికి వేసేదే అయ్యుంటుంది అనుకుంది ప్రవళిక. మారు మాట లేకుండా సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

ఇంటికొచ్చి మొదటి దారం తెంపబోతుంటే మల్లక్క చెయ్యి పట్టుకుంది. పెళ్లికి ముందు సిరిసిల్లలో కండెలు చుట్టిన మనిషి ఆమె.

"ఏయ్, ఆగు. సాంచల మీద బట్ట నేసేటప్పుడు తప్పు పడ్డదనుకో, ఆడ అంచుకు రంగు దారం కడ్తరు. బట్ట సూసేటోళ్ల కన్ను ఆడ ఆగాలె గదా."

"బట్టకు సరే. బుక్కుకెందుకు కడ్తరే అమ్మా?"

"నాకేం ఎరుక? ఎవడో సాంచలోడు సదివినట్టున్నది."

ప్రవళిక దారమున్న లెక్క చేసింది. తప్పు వచ్చింది. మైనస్ దగ్గర ప్లస్ వేసింది.

రెండో దారం. మళ్లీ తప్పే.

దారం లేని లెక్కలు సాఫీగా సాగిపోయేవి. దారం కనపడగానే పెన్ను ఆగేది. ఒక్కో గుర్తూ రెండుసార్లు చూసుకుని ముందుకు పోయేది.

ఒక లెక్క దగ్గరైతే మూడు దారాలున్నాయి. దాన్ని పట్టడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టింది. పట్టిన రోజు బీడీలు కట్టే తెల్లదారం తెచ్చి, ఆ మూడింటి పక్కన తనూ ఒక ముడి వేసింది. చేసిన తీరు చిన్న కాగితం మీద రాసి అక్కడే అంటించింది.

లెక్కల పరీక్ష రోజు సెంటర్ గేటు దగ్గర ముసలాయన మళ్లీ కనిపించాడు. ఇస్త్రీ చేసిన అంగీ, చంకలో పరీక్ష ప్యాడు, జేబులో రెండు పెన్నులు.

మనుమరాలిని తోలుకొచ్చాడేమో అనుకుంది.

"బిడ్డా, దారాల కాడ ఆగినవా?"

"ఆ, ఆగిన తాతా. టైమైతాంది." వెనక్కి చూడకుండా లోపలికి పరుగెత్తింది.

రిజల్ట్ వచ్చింది. లెక్కల్లో అరవై రెండు!

మర్నాడే ప్రవళిక మిఠాయి డబ్బా, ఆ పుస్తకం పట్టుకుని దుకాణానికి వచ్చింది.

"అన్నా, ఆ తాత ఏడి? మీ దుకాన్ల పనిచేసేటాయిన. గీ బుక్కు ఇంకెవలకన్న పనికస్తదని తెచ్చిన."

"నా దుకాన్ల పనోడా? నాకే సరిగ పనిలేదు, పనోన్ని యాడ వెట్టుకుంట?" శ్యాంసుందర్ నవ్వాడు. "ఎల్లేశం మామ సాంచలు నడుపుతడమ్మా. ఆ దినం బుక్కుకు అట్ట ఏయిపిచ్చుకుందామని అచ్చిండు."

"ఏ బుక్కుకు?"

"నీ చేతులున్నదే."

ప్రవళిక చేతిలోని పుస్తకాన్ని తిప్పి చూసింది.

"అమ్మేది గాదా అన్నా ఇది?"

"అమ్మేదైతే ఊకెనే ఎందుకిస్తరు? నువ్వు మెట్టు మీద కూలబడంగ సూసిండు, ఇచ్చేసిండు. చెప్పకుమని నాకు సైగ జేసిండు."

"మరి బుక్కు లేకుంట ఆయిన మనుమరాలు ఎట్ల రాసింది?"

"మనుమరాలా? ఏ మనుమరాలు?"

గేటు దగ్గరి ప్యాడు, జేబులోని రెండు పెన్నులు ఇప్పుడు ఆమె కళ్ల ముందుకొచ్చాయి. ఆ మూడు దారాలు కూడా.

"తెలుగు పాసు, సోషల్ పాసు," అన్నాడు శ్యాంసుందర్ మెల్లగా. "లెక్కలొక్కటే పోయింది, నాలుగు మార్కులల్ల. అక్టోబర్ల మళ్ల రాస్తందుకు ఫీజు కడ్తడట."

ప్రవళిక పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది.

"అట్ట ఏయి అన్నా, గట్టిది. ఐతారం ఐతారం నేనే అచ్చి లెక్కలు చెప్త అన్ననని తాతకు చెప్పు."

శ్యాంసుందర్ దళసరి అట్ట వేసి, మీద లేబుల్ అంటించి, పెన్ను ఆమె చేతికిచ్చాడు.

పేరు అన్నచోట 'ఎల్లేశం' అని, తరగతి అన్నచోట 'పది' అని గుండ్రంగా రాసింది ప్రవళిక.